ఆబింగ్‌డన్ జట్టు

మన రోడ్ల మీద అర్ధ శతాబ్దం పైగా తిరిగిన అంబాసిడర్ కారు పుట్టిల్లు నేనుంటున్న ఈ ఆక్స్‌ఫర్డ్ ప్రాంతమే. ఇక్కడి కౌలీ ఫ్యాక్టరీలో చేసిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌నే హిందుస్థాన్ మోటార్స్ ఉత్తర్‌పారాలో అంబాసిడర్‌గా తయారు చేసింది. దానికి చాలాకాలం పెట్టిన 1489 సీసీ ఇంజన్, ఎంజీఏ స్పోర్ట్స్ కారు ఇంజన్ ఒకే కుటుంబానికి చెందినవి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ను, ఎంజీఏను చేసిన కంపెనీ పేరు బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్, బీఎంసీ. ఏళ్ల తరబడి పోటీ పడిన ఆస్టిన్, మోరిస్ సంస్థలు 1952లో కలిసిపోతే ఏర్పడింది. బ్రిటన్‌లో కార్ల పరిశ్రమ ఎంత ఎత్తుకు ఎదిగిందో, ఎందుకు జారిపోయిందో అడిగేవాళ్లకు నేను ఆ కంపెనీ ర్యాలీ జట్టు కథే చెబుతాను.

కౌలీకి దక్షిణంగా, కొద్ది మైళ్ల దూరంలో థేమ్స్ ఒడ్డున ఆబింగ్‌డన్ అనే చిన్న ఊరుంది. అక్కడున్న బీఎంసీ వారి ఎంజీ ఫ్యాక్టరీలో 1950ల నడుమ పోటీల విభాగం మొదలైంది. మొదటి మేనేజర్ మార్కస్ చేంబర్స్. ర్యాలీ అంటే మైదానం చుట్టూ తిరిగే పందెం కాదు. జనం తిరిగే రోడ్లే, కొండదారులే. రాత్రింబవళ్లు నడపాలి, చెప్పిన వేళకు చెప్పిన చోటికి చేరాలి. నడిపేవారి పక్కన కూర్చున్నవారు రాబోయే ప్రతి మలుపునూ ముందే చదివి వినిపించాలి.

ఈ జట్టులో నాకు అందరికన్నా ఎక్కువ గౌరవం ప్యాట్ మాస్ మీద. ఆమె పేరు రాగానే అన్న స్టిర్లింగ్ మాస్‌ను తలచుకుంటారు కానీ ఆమెకు ఆ ఆసరా అక్కర్లేదు. 1960లో యాన్ విజ్డమ్‌తో కలిసి ఆస్టిన్-హీలీ 3000లో లియేజ్-రోమ్-లియేజ్ ర్యాలీ గెలిచింది. దాదాపు నాలుగు రోజులు, నిద్రకు తీరిక లేని ఆ పోటీలో వాళ్లు గెలిచింది మహిళల బహుమతి కాదు, మొత్తం ర్యాలీనే. బీఎంసీ చిన్న కారు మినీకి మొదటి అంతర్జాతీయ విజయం తెచ్చిందీ ఆమే, 1962లో, హాలెండ్ ట్యూలిప్ ర్యాలీలో.

సూయజ్ సంక్షోభంలో పెట్రోలు కరువై, తక్కువ తాగే బండి కావాలన్నప్పుడు అలెక్ ఇస్సిగోనిస్ గీసిన కారు మినీ. 1959లో వచ్చింది. పొడవు పది అడుగులు, చక్రాలు పది అంగుళాలు. ఇంజన్‌ను అడ్డంగా పెట్టి ముందు చక్రాలకే శక్తినిచ్చాడు. బరువంతా లాగే చక్రాల మీదే ఉండటంతో మంచులో కూడా పట్టు దొరికేది. ఫిన్లండ్ డ్రైవర్లు దీనికి మరో విద్య జోడించారు: కుడికాలు యాక్సిలరేటర్ మీద ఉండగానే ఎడమకాలితో బ్రేకు నొక్కి, బండి వెనక భాగాన్ని మలుపులోకి తిప్పేవారు. వాళ్ల విలువ తెలిసి పిలిపించినవాడు 1961లో మేనేజరైన స్టూవర్ట్ టర్నర్.

1964 జనవరిలో ఐర్లండ్‌వాడు పాడీ హాప్‌కర్క్, పక్కన హెన్రీ లిడన్, మిన్స్క్ నుంచి బయల్దేరి మాంటే కార్లో ర్యాలీ గెలిచారు. వాళ్ల మినీ ఇంజన్ 1071 సీసీ మాత్రమే. మరుసటి ఏడాది మంచు తుపానులో 237 కార్లు బయల్దేరితే చివరిదాకా నిలిచినవి 35. అందులోనూ దారి పొడవునా ఒక్క పెనాల్టీ పాయింటు కూడా పడకుండా వచ్చినవాడు, మినీ నడిపిన ఫిన్లండ్ డ్రైవర్ టిమో మాకినెన్ ఒక్కడే. మోటారు పోటీల చరిత్రలో ఇంతకన్నా గొప్ప డ్రైవింగ్ నాకు తెలియదు.

1966లో మొదటి మూడు స్థానాలూ మినీలవే. నిర్వాహకులు మాత్రం హెడ్‌లైట్లలో ఒకే ఫిలమెంటున్న అయోడిన్ బల్బులు నిబంధనకు విరుద్ధమని మూడింటినీ తీసేసి, ఫ్రెంచి కారు సిట్రోయెన్‌కు బహుమతి ఇచ్చారు. అది అన్యాయమనే నా నమ్మకం. రాత్రింబవళ్ల శ్రమను ఒక బల్బుతో తూచారు. మరుసటి ఏడాది మరో ఫిన్లండ్ డ్రైవర్ రౌనో ఆల్టోనెన్ లాన్సియాను 12 సెకన్ల తేడాతో ఓడించి మినీకి మళ్లీ విజయం తెచ్చాడు.

1968లో ప్రభుత్వ ప్రోద్బలంతో బీఎంసీ, లేలాండ్‌తో కలిసి బ్రిటిష్ లేలాండ్ అయింది. ఆ ఏడాది చివర్లో లండన్-సిడ్నీ మారథాన్ ఢిల్లీ మీదుగా బొంబాయి చేరి, అక్కడ ఓడెక్కింది. అందులో హాప్‌కర్క్ ఆస్టిన్ 1800తో రెండో స్థానంలో నిలిచాడు. కొత్త అధిపతి లార్డ్ స్టోక్స్‌కు పోటీలు ఖర్చుగానే కనిపించాయి. 1970 అక్టోబరులో విభాగాన్ని మూసేశారు. చేతిలో అంత పనితనమున్న మెకానిక్‌లను నిలబెట్టుకోలేని యాజమాన్యం కార్లు అమ్ముకోగలదని ఎలా అనుకున్నారో నాకర్థం కాదు. ఐదేళ్లకే లేలాండ్‌ను ప్రభుత్వం చేతిలోకి తీసుకోవాల్సి వచ్చింది. 1980లో ఆబింగ్‌డన్ ఫ్యాక్టరీయే మూతపడింది. మాంటే కార్లోలో పేరు తెచ్చుకున్న పాత మినీ మాత్రం 2000 దాకా తయారవుతూనే ఉంది.