‘సాగు’, ‘పరిశ్రమ’: నెల్లూరు తీరపు రొయ్యల చెరువులు – వార్తాభాష

1990వ దశకంలో విదేశీ విపణుల గిరాకీ నెల్లూరు తీరాన రొయ్యల చెరువులను విస్తరింపజేసింది. తెలుగు పత్రికలు దీనిని ‘రొయ్యల సాగు’ అనీ, చేసేవారిని ‘ఆక్వా రైతులు’ అనీ వ్యవహరిస్తాయి. 1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథ్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దీనిని పరిశ్రమగా పరిగణించి, తీర నియంత్రణ పరిధిలోనూ, పులికాట్ సరస్సుకు 1000 మీటర్లలోపునా నిషేధించింది. సంప్రదాయ పద్ధతులను మినహాయించింది. 2005లో పార్లమెంటు చేసిన తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం నిషేధం స్థానంలో నియంత్రణను నిలిపింది.

‘సాగు’ అన్న మాట తెగులు సోకినప్పుడు, ధర పడిపోయినప్పుడు రైతు నష్టాన్ని చూపుతుంది. ఉప్పుబారిన పక్క పొలాన్నీ, తాగునీటి బావినీ చూపదు. ‘పరిశ్రమ’ అన్న మాట కాలుష్యాన్ని చూపుతుంది. చిన్న చెరువుపై బతికే కుటుంబాన్ని మరుగుపరుస్తుంది. పక్షపాతం అసత్యవార్తలోనే ఉండనక్కరలేదు, పేరు పెట్టడంలోనూ ఉంటుంది. కనుక ఈ తీరంలో ప్రపంచీకరణ చరిత్రకు ఎగుమతి లెక్కలతోపాటు వార్తాభాషా ఆధారమే.