ఆట కూర్చువాడు – యంత్రము నెన్నుకొనుట



మా చీమకుర్తి నల్లరాయి ఎంత మెఱపు గలదైనను, గడపకు తగిన పలక యొకటి, మెట్టునకు తగినది మఱియొకటి. కంప్యూటరు ఆటలు కూర్చువారికిని ఈ న్యాయమే వర్తించును. కావ్యములు చదివి, బడిలో పాఠములు చెప్పిన నాకు దీనితో పనియేమని మీరడుగవచ్చును. పద్యము వ్రాయువాడు అచ్చుయంత్రమును త్రిప్పనక్కఱలేదు. కాని ఏ అచ్చు తన పద్యమును చెఱచునో యెఱిగి యుండవలెను.

మన పులిజూదమును చూడుడు. 3 పులులు, 15 మేకలు, 23 కూడళ్లు. ఈ నియమములను కల్పించినవాడు వేఱు, వానిని రాతిపై గీసిన శిల్పి వేఱు కావచ్చును. కంప్యూటరు ఆటల తొలినాళ్లలో ఈ వెసులుబాటు అరుదు. ప్రోగ్రాము వ్రాయనేరనివానికి ఆట కూర్చుట దుస్సాధ్యముగా నుండెను. 1980ల తొలి సంవత్సరములలో బిల్ బడ్జ్ అను అమెరికా దేశీయుడు, తెరపై భాగములను అమర్చియే పిన్‌బాల్ ఆట చేసికొను సాధనమును వెలువరించెను. బొమ్మ, ధ్వని, వస్తువుల తాకిడి మున్నగువానిని సిద్ధపఱచి యుంచిన యంత్రములే గేమ్ ఇంజన్లు. 1998లో అన్‌రియల్, 2005లో యూనిటీ వచ్చెను. 2014లో అన్‌రియల్ నాలుగవ కూర్పున, ఆజ్ఞలు వ్రాయుటకు మాఱుగా పెట్టెలను గీతలతో కలుపు బ్లూప్రింట్స్ పద్ధతి చేరెను. ఆ యేడే గోడో అను యంత్రము మూలముతో సహా ఎల్లరకు ఉచితముగా లభించెను.

కావున కూర్పరి మొదట అడుగవలసినది "ఏది గొప్పది?" అని కాదు, "నా నియమమును నేడే మార్చి, నేడే ఆడి చూడగలనా?" అని. ఒక మేకను తగ్గించిన నేమగునో తెలిసికొనుటకు ప్రోగ్రామరు రాకకై వారము దినములు వేచియుండవలసినచో, ఆ యంత్రబలము వానికి నిష్ఫలము.

రెండవది పరాధీనత. 2023 సెప్టెంబరులో యూనిటీవారు, నిర్ణీత పరిమితి దాటిన ఆటలకు ఒక్కొక్క స్థాపనకు రుసుము విధింతుమని ప్రకటింపగా, ఏండ్లతరబడి శ్రమించినవారు కలవరపడిరి. మఱుసటి యేడు సెప్టెంబరులో అది రద్దయ్యెను. పొలము కౌలుకు తీసికొనువాడు షరతులు చదువుకొనునట్లే వీరును చదువుకొనవలెను.

మూడవది మన భాష. చీమకుర్తి యనుచో రేఫ క్రింద తకారము ఒత్తుగా నిలువవలెను. అక్షరముల కూడిక నెఱుగని యంత్రము దానిని పొల్లుగా విడదీసి చూపును. ఇట్టి లిపుల కూర్పు గోడోయందు 2023లో వెలువడిన నాలుగవ కూర్పుతో అమరెను. మన పిల్లలు తమ యూరి ఆటను తమ యక్షరములతో ఆడుకొనుట ఈ యెన్నికపై ఆధారపడియున్నది. పని యారంభించుటకు ముందే మీ యూరిపేరు తెరపై వ్రాసి చూచుకొనుడు.