వణికిన చేతుల ఊరు

అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో డాన్‌బరీకి టోపీల నగరమని పేరు. 1780లో జడాక్ బెనెడిక్ట్ అక్కడ పెట్టిన చిన్న దుకాణంలో రోజుకు మూడు టోపీలు తయారయ్యేవని చెబుతారు. 1887 నాటికి ముప్పై ఫ్యాక్టరీలు ఏడాదికి 50 లక్షల టోపీలు చేసే స్థాయికి ఊరు ఎదిగింది. ఇంకో నూరేళ్లకు ఆ పనే లేకుండా పోయింది.

ఫెల్ట్ టోపీకి నూలు అక్కర్లేదు, మగ్గం అక్కర్లేదు. కుందేలు, బీవర్ వంటి జంతువుల బొచ్చు ఆవిరికీ వేడినీళ్లకీ ఒత్తిడికీ తనంతట తానే పెనవేసుకుని గుడ్డవుతుంది. చిల్లులున్న పెద్ద రాగి శంకువు మీద బొచ్చును పలచగా పరిచి, తడిపి తీస్తారు. అప్పుడు వచ్చేది తలకు కావలసినదానికన్నా ఎంతో పెద్దది, ముట్టుకుంటే చిరిగేంత నాజూకైనది. దాన్ని మరిగే నీళ్లలో ముంచి, చుట్టి దొర్లించి, విప్పి మడత మార్చి, మళ్లీ చుడుతూ పోతే కుంచించుకుని గట్టిపడుతుంది. ఎక్కడ పలచబడిందో, ఎక్కడ ఇంకా బిగియాలో వేళ్లకే తెలియాలి.

ఆ వేళ్లనే ఆ పని తినేసింది. బొచ్చు త్వరగా పెనవేసుకోవడానికి ముందుగా దానికి పాదరసం కలిసిన మెర్క్యురీ నైట్రేట్ పట్టించేవారు. తర్వాత వేడి తగిలిన ప్రతిసారీ పాదరసం ఆవిరై మూసిన గదుల్లో నిండేది. మొదట చేతులు వణికేవి. పోనుపోను మనిషే మారిపోయేవాడు: నలుగురిలోకి రాలేని బిడియం, కారణం లేని కోపం, వాచిన చిగుళ్లు. దానికి 'డాన్‌బరీ వణుకు' అని పేరే పడింది. ఈ విషం సంగతి ఎవరికీ తెలియదనడానికి లేదు. న్యూజెర్సీ వైద్యుడు ఆడిసన్ ఫ్రీమన్ 1860లోనే టోపీ పనివాళ్ల పాదరస జబ్బు గురించి రాశాడు. అమెరికాలో టోపీలకు పాదరసం వాడకం ఆగింది 1941 డిసెంబరులో. మధ్యలో ఎనభై ఏళ్లు! ఇది నిర్లక్ష్యమంటే నాకు చాలదనిపిస్తుంది.

ఒంటి తర్వాత ఇంటి వంతు. 1902లో డాన్‌బరీలోని లోవీ టోపీల కంపెనీ యూనియన్‌ను ఒప్పుకోలేదు. పనివాళ్లు సమ్మెకు దిగారు, ఆ టోపీలు కొనవద్దని దేశమంతా పిలుపు వెళ్లింది. కంపెనీ కోర్టుకెక్కింది. బడా వ్యాపారుల గుత్తాధిపత్యాన్ని అణచడానికి వచ్చిన షెర్మన్ చట్టమే ఈ కూలీల మెడకు చుట్టుకుంది. 1908లో సుప్రీంకోర్టు ఆ చట్టం వీళ్లకూ వర్తిస్తుందంది. నష్టాన్ని మూడింతలు చేసి, ఖర్చులు కలిపితే పనివాళ్లు కట్టాల్సింది రెండున్నర లక్షల డాలర్లు దాటింది. 1915లో అదీ ఖరారైంది. రెండు వందలకు పైగా పనివాళ్ల ఇళ్లు, బ్యాంకు పొదుపులు జప్తులో చిక్కుకున్నాయి. తోటి కార్మికులు దేశమంతా చందాలు పోగుచేస్తే 1917లో గాని పీడ వదల్లేదు.

అమెరికా అధ్యక్షుడు కెనెడీ టోపీ లేకుండా తిరగడం వల్లే టోపీల వాడుక పోయిందని తేలిగ్గా చెప్పేస్తారు. నేనొప్పుకోను. ఆయన అధ్యక్షుడయ్యే నలభై ఏళ్ల ముందునుంచే డాన్‌బరీలో ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి. పేరుమోసిన మాలరీ కంపెనీ 1946లో స్టెట్సన్ కంపెనీ చేతికి పోయింది, 1960ల మధ్యలో డాన్‌బరీలో దాని పని ఆగింది. 1987లో ఊళ్లో చివరి ఫ్యాక్టరీ మూతపడింది. ఆ ఫ్యాక్టరీలు వదిలిన పాదరసం మాత్రం స్టిల్ నది బురదలో, హూసటోనిక్ నది మీదుగా లాంగ్ ఐలండ్ సౌండ్ అనే సముద్రపాయ అడుగు మట్టిలో శాస్త్రజ్ఞుల పరీక్షలకు ఆ తర్వాత కూడా దొరుకుతూ వచ్చింది.