పాత పాటకు కొత్త గిరాకీ

హిప్పీల కాలం నాటి జానపద సంగీతాన్ని 'మత్తు', 'పలాయనం' అనే రెండు మాటలతో తోసివేయటం మన విమర్శకు అలవాటు. ఆ తీర్పు అబద్ధం కాదు, అసంపూర్ణం. వియత్నాం యుద్ధం సాగుతున్న ఆ రోజుల్లో పాశ్చాత్య యువతలో ఒక భాగం తన వ్యవస్థపై విసిగి, యంత్రయుగానికి ముందరి పల్లెపాటను వెతుక్కుంది. స్కాట్లండుకు చెందిన ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బ్యాండ్ తమ జానపద బాణీలకు సితారును, మొరాకో తంత్రీవాద్యాన్ని జోడించింది. 1969లో వుడ్‌స్టాక్‌లో పాడింది.

వారి సమకాలికురాలు వాష్టీ బన్యన్ కథ గమనార్హం. 1968లో ఆమె గుర్రపుబండి కట్టుకొని స్కాట్లండు ద్వీపాలకు బయలుదేరింది. ఆ ప్రయాణంలో అల్లిన పాటలు 1970లో 'జస్ట్ అనదర్ డైమండ్ డే' రికార్డుగా వచ్చాయి. కొన్నవారు బహు కొద్దిమంది. ఆమె పాడటమే మానుకుంది. 2000లో ఆ రికార్డు మళ్లీ విడుదలై కొత్త తరాన్ని ఆకట్టుకుంది. 2005లో రెండవ రికార్డు వెలువడింది.

ఈ పునరుద్ధరణను నేను ఆహ్వానిస్తాను. కాని ఆ పాట బతికింది మంచిపాట కావటం వల్లనే కాదు, రికార్డుకెక్కింది గనుక. అదే కాలంలో మా చందర్లపాడు నల్లరేగడి చేలలో పత్తి తీస్తూ, మిరపకాయలు కోస్తూ కూలి స్త్రీలు పాడిన పాటల కోసం ఏ కంపెనీ వచ్చింది? మార్కెట్టు తాను ఒకనాడు అచ్చువేసిన దాన్నే మళ్లీ కనుగొంటుంది. అచ్చుకాని పాట దాని లెక్కలో పుట్టనే లేదు.

మన ప్రజాకళ మరో దారి తొక్కింది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, నాజర్ బుర్రకథ, 1972 నాటి జననాట్యమండలి పల్లె బాణీని సమష్టి పోరాటానికి మళ్లించాయి. అక్కడ పల్లెపాట వ్యక్తికి ఓదార్పు. ఇక్కడ సమూహానికి ఆయుధం. ఈ తేడా చిన్నది కాదు. అయితే కొత్త మాటకు ఒదిగిన బాణీ నిలిచినంతగా, దాని కింది పాతమాట నిలవలేదు. బిరుదురాజు రామరాజు గారి వంటి పరిశోధకులు జానపద గేయాలను గ్రంథస్థం చేశారు. అక్షరం పదాన్ని దాస్తుంది, గొంతును దాచలేదు.

నేడు ప్రతి చేతిలోనూ ఫోను ఉంది. ఆ పాటలు తెలిసిన ముసలమ్మలు ఇంకా మన మధ్య ఉన్నారు. పాడిన మనిషి పేరు, ఊరు, పని, ఆమె అనుమతితో నమోదు చేయటం అభ్యుదయ రచయితల తక్షణ కర్తవ్యం. ఆ గొంతులు ఆగిపోయాక కనుగొనటానికి ఏమీ మిగలదు.