భయానకరసము – ఎస్. వి. రంగారావు మాంత్రికపాత్రము

వేంపల్లె, పులివెందుల, జమ్మలమడుగు మొదలగు ప్రాంతములతోఁ గూడిన కడపమండలమునకును ఆంధ్రచలనచిత్రచరిత్రమునకును గల సంబంధము సామాన్యము కాదు. “పాతాళభైరవి” (1951)ని నిర్మించిన విజయాసంస్థకు స్థాపకులలో నొకఁడగు బి. నాగిరెడ్డి యీ మండలమునందలి పొట్టిపాడున 1912లో జన్మించెను. దర్శకుఁడు కె. వి. రెడ్డి పొరుగుననున్న తాడిపత్రివాఁడు. ఈ చిత్రమున నేపాళమాంత్రికుఁడై భయానకరసమును నిలిపినవాఁడు ఎస్. వి. రంగారావు.

రంగారావు 1918లో నూజివీడున జన్మించి, కాకినాడయందలి యంగుమెన్సు హ్యాపీక్లబ్బు నాటకములందు సాధన చేసెను. షేక్స్పియరు పాత్రములను సైతము ధరించెను. 1946లో “వరూధిని”తోఁ జలనచిత్రమునఁ బ్రవేశించినను, ఆ చిత్రము విఫలమగుటచే జంషెడ్పూరున నుద్యోగమునఁ జేరెను. పిదప “షావుకారు” (1950)న సున్నం రంగఁడుగాఁ బేరొందెను. మఱుసటియేఁడే మాంత్రికపాత్రము లభించెను. అంతకు మున్ను “బాలనాగమ్మ” (1942)న మాయలమరాఠిగా నటించిన గోవిందరాజుల సుబ్బారావును రంగస్థలమునుండి వచ్చినవాఁడే. ఈ సాదృశ్యము కాకతాళీయము కాదు.

భయానకమునకు భయము స్థాయి. అది స్త్రీనీచప్రకృతులయందుఁ బుట్టునని యాలంకారికులు చెప్పుటఁబట్టి, మాంత్రికచిత్రములను బాలవినోదములని తేలికగాఁ జూచువారు కలరు. కాని యా ప్రకృతినియమము భయమున కాశ్రయమైన వానికేగాని యాలంబనమైన వానికిఁ గాదు. భయపెట్టువాఁడు తాను భయపడఁడు. అతనియందుండునది గర్వము, ఉత్సాహము. కావునఁ గన్నులురిమి యఱచుటయే భయానకాభినయ మనుట చెల్లదు.

ఇందులకుఁ బింగళి నాగేంద్రరావు కూర్చిన సంభాషణములలోని “డింభకా” యను సంబోధన మొక్కటి చాలును. డింభశబ్దము నమరుఁడు శిశుపర్యాయములలోఁ జెప్పెను. దానిపైఁ జేరిన కప్రత్యయమునకుఁ గుత్సయు, అనుకంపయుఁ బాణిని చెప్పిన యర్థములు. దేవికి బలియిచ్చుటకు సాహసికుఁడగు యువకుని వెదకు మాంత్రికుని నోట నీ రెండర్థములును ఒక్కమాఱే వినఁబడవలెను. రంగారావు పదమును నిదానముగా సాగదీసి, లాలనలోనే తిరస్కారమును ధ్వనింపఁజేసెను. ప్రేక్షకునకు భయము పుట్టు చోటదియే. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణము ముఖమును దగ్గఱఁ జూపఁగలదు. కంఠమునందలి యీ శిక్షణము మాత్రము నాటకరంగము పెట్టిన భిక్ష.

“నర్తనశాల” (1963)న రంగారావు ధరించిన కీచకపాత్రమునకు 1964లో జకార్తాయందలి ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున ఉత్తమనటపురస్కారము లభించెను. అతఁడు 1974లోఁ బరమపదించెను. భయానకము నీచరసమనువారు ఆ యభినయమును విని నిర్ణయింతురుగాక.