గాస్కనీ కుర్రాడు, హైదరాబాద్ గుట్ట

తార్నాకలోని ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో) ఫ్రెంచి నేర్చుకునే వాళ్లకు ఫ్రాన్స్ అనగానే ముందు పారిస్ గుర్తొస్తుంది. మన నగరానికి అసలైన చుట్టరికం మాత్రం నైరుతి ఫ్రాన్స్‌లోని గాస్కనీతో. అదొక పల్లెసీమ: చిన్న చిన్న గుట్టలు, పొద్దుతిరుగుడు చేలు, బాతుల పెంపకం, ద్రాక్షతో కాచే ఆర్మాన్యాక్ బ్రాందీ. హడావిడి లేని సెలవులు కోరుకునేవాళ్లు అక్కడికి వెళ్తారు. ఓష్ పట్టణంలో కెథడ్రల్ రంగు అద్దాలు, 16వ శతాబ్దపు కొయ్య చెక్కడాలు చూడాల్సినవే. డ్యూమా నవలకెక్కిన దార్తాన్యాఁ కూడా ఆ సీమ మనిషే.

1755లో గాస్కనీలోని సెరిన్యాక్‌లో పుట్టిన మిషెల్ జోకిమ్ మారీ రేమండ్ 1775లో పుదుచ్చేరిలో దిగాడు. తరవాత నిజాం అలీఖాన్ కొలువులో చేరి, ఫ్రెంచి పద్ధతిలో శిక్షణ పొందిన పెద్ద సేనను నిలబెట్టాడు. తుపాకులు, ఫిరంగులు పోసిన గన్‌ఫౌండ్రీ ఆయన చలవే. 1795లో ఖర్దా దగ్గర ఆయన సేన మరాఠాలతో తలపడింది. జనం ఆయన్ని సొంత మనిషిగానే చూసుకున్నారు: హిందువులకు మూసా రామ్, ముస్లింలకు మూసా రహీమ్. మూసారాంబాగ్ పేరు అలా వచ్చిందే.

1798 మార్చి 25న ఆయన చనిపోయాడు. ఆ అక్టోబరులోనే ఇంగ్లిషువాళ్లు ఆయన సేన చేత ఆయుధాలు దించేయించారు.

అస్మాన్‌గఢ్ పక్క గుట్టమీద ఆయన సమాధి ఉంది. సుమారు 7 మీటర్ల నల్లరాతి స్తంభం, దానిమీద జె.ఆర్. అక్షరాలు, పక్కనే స్తంభాల మంటపం. ఒకప్పుడు ఇక్కడ ఏటా ఉరుసు జరిగేది. మంటపం 2001 వానలకు కూలితే మళ్లీ కట్టారు. ఇంతటి మనిషి గుర్తును అంతవరకూ ఆలనాపాలనా లేకుండా వదిలేయడం బాధాకరం.

రేమండ్ కాలానికి నేటి ఉస్మానియా ప్రాంగణం కూడా గాస్కనీలా పల్లెపట్టే. ఈ అడిక్‌మెట్ భూములు కవయిత్రి మహ్‌లఖా బాయి (1768-1824) జాగీరు. ఇద్దరూ ఒకే నిజాం దర్బారు మనుషులు. ఆమె పేరుతో పిలిచే మెట్లబావి ప్రాంగణంలో ఉంది. సమాధి మౌలాలి గుట్ట పాదాన, తార్నాకకు దగ్గర్లోనే.

1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ ముందు ఫొటోలు దిగి వెనుదిరిగేవాళ్లకు ఒక రోజు ఓపిక ఉంటే చాలు. పొద్దున్నే ప్రాంగణం, మెట్లబావి, ఎండ ముదిరేలోగా మౌలాలి, సాయంత్రం అస్మాన్‌గఢ్ గుట్ట. ఫ్రాన్స్ నుంచి వచ్చే యాత్రికులకు ఈ చోట్లను ఇఫ్లూ విద్యార్థులే వాళ్ల భాషలో వివరిస్తూ చూపించే ఏర్పాటు ఉండాలి. పర్యాటక శాఖ, విశ్వవిద్యాలయాలు కలిసి కూర్చుంటే అది వచ్చే సెలవులకే మొదలుపెట్టగల పని.