ఎనుముకు పెట్టిన తవుడు

మన తాడిపత్రి వైపు వెనకటివాళ్లకు సంగటిముద్దే కూడు. వరన్నం పండక్కో పెళ్లికో. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక తెల్లన్నం రోజూ విస్తట్లోకొచ్చింది. ఆకలి తీరింది, కాదనను. కానీ అంతకు చాలా ముందే ఆ తెల్లదనానికి కోస్తావాళ్లు చెల్లించిన మూల్యం వినండి.

ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి అనే జబ్బుండేది. కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు వాచి, చివరికి గుండె చెడేది. 1835లోనే మాల్కంసన్ అనే మద్రాసు సైనిక వైద్యుడు దానిమీద పుస్తకం రాశాడు. గుట్టు మాత్రం 1890ల్లో జావాలో బయటపడింది. తెల్లన్నం తిని కాళ్లు పడిపోయిన కోళ్లు, తవుడు కడుపులో పడేసరికి లేచి తిరగడం ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు చూశాడు. ఆ తవుడులో ఉన్నదే బి1 విటమిను. ఉప్పుడుబియ్యం తినేచోట్ల ఈ జబ్బు అరుదు. వడ్లు నానబెట్టి ఉడికిస్తే ఆ విటమిను గింజలోపలికి దిగుతుంది మరి.

రోకలిపోటు కష్టమంతా ఆడవాళ్లదే. మిల్లొచ్చి మన నడుములు బతికాయి, అదేం చిన్న మేలు కాదు! దంపుడు బియ్యానికి కాస్త తవుడు అంటుకునుండేది; మిల్లు దాన్ని నున్నగా గీకేసింది.

తవుడులో మాంసకృత్తులు నూటికి పన్నెండు, పదిహేను పాళ్లు. తెల్లబియ్యంలో ఏడుకు అటూఇటూ. వాటిని పెప్టైడ్లనే చిన్న తునకలుగా విడగొట్టి, రక్తపోటుకు పనికొస్తాయా అని ప్రయోగశాలల్లో చూస్తున్నారు. మందొచ్చేసిందని మాత్రం అనుకోకండి. మిల్లు దిగిన తవుడును వెంటనే వేడిచేయకపోతే అందులోని నూనె చెడి చేదెక్కుతుంది. అందుకే అది ఇప్పటికీ చాలామటుకు నూనె మిల్లుకే పోతుంది. నూనె తీయగా మిగిలిన పిండి, మాంసకృత్తులతో సహా, ఎనుముల దాణాలో కలుస్తుంది.